ఫ్యాను రెక్క, పదకొండు చెంచాలు

మా మనవరాలికి ఎనిమిదేళ్లు. కూర్చోలేదు, నిలబడలేదు, మాట రాదు. కళ్లు వెలుతురును పట్టుకుంటాయి గాని మనిషిని పట్టుకోవు. పొద్దునా సాయంత్రం ఫిట్సు మందు పడాలి. ఇవన్నీ ఆసుపత్రి కాగితాల్లో ఉన్నాయి. కాగితాల్లో లేనిది ఒకటుంది. పాపకు రుచి బాగా తెలుసు. ఉత్త జావ పెడితే ముఖం గోడవైపు తిప్పుకుంటుంది. అదే జావలో చేపల పులుసు రెండు చుక్కలు కలిపితే పెదాలు చప్పరిస్తుంది. మా ఇంట్లో నా వంటకు వంక పెట్టే ధైర్యం ఆ పిల్లకొక్కదానికే ఉంది.

వచ్చిన చిక్కల్లా నోరు తెరవడంలోనే. తల నా ఎడమ మోచేతి మీద కాస్త ఎత్తుగా ఉండాలి, గడ్డం కిందికి ఉండాలి. చెంచా పెట్టాక గుటక పడిన చప్పుడు వినాలి. వినకుండా రెండో చెంచా పెడితే పొలమారుతుంది. ఒక పూట తిండికి గంటన్నర. రోజుకు నాలుగు పూటలు. నేనూ కోడలూ చెరి రెండు పూటలు పంచుకున్నాం. నా కొడుకు రాత్రంతా రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉండి, తెల్లవారి వచ్చి పడుకుంటాడు.

వానాకాలంలో పాపకు గొంతులో కఫం చేరి, జ్వరం వచ్చి, బాగా చిక్కిపోయింది. నెల్లూరులో పెద్ద డాక్టరు తూకం చూసి చెప్పాడు.

"రెండు నెలల్లో ఒక కిలో పెరగాలమ్మా. పెరగకపోతే పొట్టకు చిన్న రంధ్రం చేసి గొట్టం పెడదాం. భయపడే పనేం కాదు. రోజూ ఎన్ని చెంచాలు తిన్నదో పుస్తకంలో రాసి తీసుకురండి."

ఆయన ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు. గొట్టం అన్న మాట తర్వాత నాకు ఏదీ వినపడలేదు; పుస్తకం సంగతి కూడా తర్వాత కోడలు చెబితేనే తెలిసింది. బస్సులో కోడలితో అన్నాను.

"గొట్టంలో పోస్తే పులుసేందో పాలేందో బిడ్డకెట్టా తెలస్తాది మే?"

"నోట్లో పెట్టేది ఊపిరితిత్తుల్లోకి పోకుంటే అదే పదివేలు అత్తా. నాకు చేతులు పడిపోతా ఉండాయి. గొట్టమైతే గొట్టం" అంది కోడలు.

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. తప్పు లేదు కాబట్టే నాకు కోపం వచ్చింది. ఆ రెండు నెలల్లో పాపకు కిలో పెంచి తీరాలని, పెంచి కోడలికి చూపించాలని పంతం పట్టాను.

చెంచాల పుస్తకం నేనే తీసుకున్నాను. నాకు అక్షరాలు వచ్చింది పాప పుట్టాకే. మందు సీసాలు రెండూ ఒకే తీరుగా ఉండేవి. ఏది పొద్దుటిదో ఏది సాయంత్రానిదో అడిగి అడిగి కోడల్ని విసిగించేదాన్ని. ఆమె ఒకరోజు పలక తెచ్చి నా ముందు పడేసి, "ఇంక నన్ను అడగబాకు, నేర్చుకో" అంది. అట్లా నేర్చుకున్న చదువుతో మొదటి వారం పొద్దుటి పూట లెక్క ఇలా రాశాను: మూడు, నాలుగు, మూడు, ఉమ్మింది, రెండు, మూడు, కోడల్ని అడగాలి.

ఎనిమిదో రోజు పొద్దున్నే పాపకు జావ పెడుతుంటే చర్చి మలుపులో మైకు వినబడింది. కోట అనే ఊరి నుంచి ఒక భాయ్ ట్రాలీ ఆటోలో పాత సామాన్లకు వస్తాడు. ఇచ్చిన సామాను కాటా వేసి, దానికి తగ్గ ఉల్లిపాయలు పోసి పోతాడు. ఆటో మీద మైకులో ఆయన గొంతే రికార్డు చేసి ఉంటుంది.

"పాత ఇనుము కొంటాం. పాత ప్లాస్టిక్ కొంటాం. పాడైపోయిన ఫ్యాన్లు, మిక్సీలు, మోటార్లు కొంటాం. పగిలిన బకెట్లు కొంటాం."

ప్రతి 'కొంటాం' నీ ఆయన రాగం తీసి పైకెత్తి, చివర్లో వదిలేస్తాడు. పాప ఒళ్లంతా కదలకుండా ఆగిపోయింది. రెండో 'కొంటాం' కు కిసుక్కున నవ్వింది. నవ్వి, మూడోదాని కోసం నోరు తెరుచుకొని కాచుకుంది. నేను చెంచా పెట్టాను. గుటక. మళ్లీ 'కొంటాం', నవ్వు, ఎదురుచూపు, చెంచా. నవ్వేటప్పుడు పెట్టకూడదు, పొలమారుతుంది. నవ్వు ఆగాక, తర్వాతి దానికోసం కాచుకునే సందులో పెట్టాలి. ఆటో మా ఇల్లు దాటి వినిపించనంత దూరం పోయేసరికి పదకొండు చెంచాలు లోపలికి పోయాయి. మైకు ఆగింది, నోరు మూతపడింది.

మర్నాడు ఆటో రాలేదు. వారానికి రెండుసార్లే వస్తుందట. వచ్చినప్పుడు నా కొడుకు దాన్ని ఫోనులో రికార్డు చేశాడు. పాప చెవి దగ్గర పెడితే రెండు సార్లు విని, మూతి బిగించింది.

"దూరం నించి రావాల నాయనా. చర్చి మలుపు కాణ్ణించి మొదలవ్వాల" అన్నాను.

రాత్రి కాపలా కాసి వచ్చిన మనిషి. అయినా ఫోను నెత్తిమీద ఎత్తి పట్టుకొని, చర్చి మలుపు నుంచి ఇంటిదాకా నడిచాడు. మూడు కుక్కలు వెంటపడ్డాయి. పాప నోరు తెరవలేదు గాని, వీధి మధ్యలో ఒకావిడ ఎదురొచ్చి పగిలిన బకెట్ చేతిలో పెట్టి, ఉల్లిపాయలు పొయ్యమంది. వాడు బకెట్ తీసుకొని ఇంటికొచ్చి పడుకున్నాడు.

ఇక భాయ్‌నే అడిగాను. ఆయన ఆటో దిగి, లుంగీ సర్దుకొని, అంతా విన్నాడు.

"నా మైకు ఇని బిడ్డ బువ్వ తింటాదా పెద్దమ్మా? మా ఇంట్లో నేను నోరు తెరిస్తే తినేవాళ్లు గూడా లేసి పోతారే."

"రోజూ ఎనిమిదింటికి రావాల నాయనా."

ఆయన గడ్డం గోక్కున్నాడు. "వస్తా గానీ, అట్టయితే ఇదే నాకు మొదటి వీధి అవతాది. మొదటి వీధిలో ఉత్త చేతుల్తో పోతే ఆ పొద్దంతా బండి ఉత్తదే. బోణీ మాత్రం మీరు జేయాల. చిన్నదైనా పరవాలా. ఇనప మేకైనా సరే."

మేకైనా సరే అన్నాడు కదా అని ఒప్పుకున్నాను. సముద్రపు గాలికి మా ఊళ్లో ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. తుప్పు సామానుకు కొదవేముందనుకున్నాను. మొదటి వారం విరిగిన ఫ్యాను రెక్క, కుక్కర్ మూత, కాలిన మోటారు తీగ, సొట్టపడిన చెంబు పోయాయి. పాప చెంచాలు పదకొండు నుంచి పద్నాలుగుకు పోయాయి. ఇంట్లో ఉల్లిపాయలు మూల మూలకీ దొర్లుతున్నాయి. రెండో వారానికి గోడలకున్న మేకులు కూడా అయిపోయాయి. అప్పుడు కోడలు నా మంచం కిందికి వంగి చూసింది.

"ఈ ట్రంకు పెట్టె ఇచ్చేద్దామా అత్తా?"

"అది నా పెండ్లి పెట్టె మే."

"మూత లేదు గదా."

"పెండ్లికి మూతెందుకు? నీ మిక్సీ ఇవ్వు."

"అది తిరగతా ఉండాది."

"అది చేసే శబ్దం చూస్తే ఎక్కువ రోజులు ఉండేదాని మాదిరి లేదు."

ఆ రోజు బోణీ కింద నా కొడుకు సైకిలు పంపు పోయింది. వాడు నిద్రలో ఉన్నాడు కాబట్టి మా ఇద్దరికీ అభిప్రాయభేదం రాలేదు.

మూడో వారం శనివారం, ఎనిమిది కావస్తుండగా, పాస్టరమ్మ ఇంకో ముగ్గురు ఆడవాళ్లను వెంటబెట్టుకొని వచ్చింది. ఆ ముగ్గురిలో మా ఎదురింటావిడ ఒకతె. ఒక బియ్యం మూట గుమ్మంలో దించారు. ఎవరూ కూర్చోలేదు. పాస్టరమ్మ నా చెయ్యి పట్టుకొని, ఏమీ అడగకుండానే కళ్లు మూసుకొని ప్రార్థన మొదలుపెట్టింది.

"ప్రభువా, బిడ్డ వైద్యము కొరకు ఇంటిలోని గిన్నెలు సైతము దినదినము అమ్ముకొనుచున్న ఈ కుటుంబమును జ్ఞాపకము చేసికొనుము..."

అప్పుడు తెలిసింది నాకు. రోజూ పొద్దున్నే నేను ఏదో ఒక సామాను తెచ్చి ఆటోలో పెట్టడం ఎదురింటావిడ చూస్తూ ఉంది. చూసినదాన్ని ఊరికి చెప్పింది. అట్లా కాదమ్మా అని చెబుదామంటే ప్రార్థన మధ్యలో ఎట్లా ఆపేది? ఇంతలో చర్చి మలుపులో మైకు మొదలైంది. కోడలు నావైపు చూసింది. నేను ఆమెవైపు చూశాను. ఆమె పాపను ఒళ్లోకి తీసుకొని గిన్నె అందుకుంది.

"పోయినవన్నియు వీరికి మరల దయచేయుము" అని పాస్టరమ్మ అంటుంటే, బయటి నుంచి "పగిలిన బకెట్లు కొంటాం" అని వచ్చింది. పాప కిలకిలా నవ్వింది. నలుగురిలో ముందు ఒకరు కళ్లు తెరిచారు, తర్వాత ఇంకొకరు. చివరికి పాస్టరమ్మ కూడా ఒక కన్ను తెరిచి చూసింది. ఆమె కళ్ల ముందే మా కోడలు తొమ్మిది చెంచాలు పెట్టింది. నేను పరుగున పోయి, పాత తాళంకప్ప ఒకటి బోణీ చేసి వచ్చాను.

ఆమేన్ అయ్యాక ఉన్న సంగతి చెప్పాను. బియ్యం మూట పాస్టరమ్మ వైపు జరిపాను.

"ప్రార్థన చేసిన బియ్యం వెనక్కి తీసకపోకూడదమ్మా. జావ కాయండి" అంది. గడప దాటబోతూ ఆగి, "సోమవారం బోణీ నాది. చర్చిలో తుప్పు పట్టిన కుర్చీలు నాలుగుండాయి" అంది.

అందరూ వెళ్లాక ఎదురింటావిడ మాత్రం నిలబడింది.

"మా ఇల్లు మునిగిపోతా ఉండాదని ఊరంతా చెప్పినావంట గదా" అన్నాను.

"మునిగిపోకూడదనే చెప్పినా అక్కా" అంది. మర్నాడు తన ఇంట్లోంచి ఇంకా మూడేళ్లు వచ్చే బకెట్ ఒకటి తెచ్చి బోణీ చేసింది.

ఆ తర్వాత వంతులు పడ్డాయి. రోజుకొక ఇంటి నుంచి ఒక సామాను. ఎవరి వంతు ఏ రోజో, ఎవరు ఏమిచ్చారో మరిచిపోకుండా రాసుకోవాలి కదా. దానికి వేరే పుస్తకం ఎందుకని, మొదట్లో మేమిచ్చిన వాటితో సహా చెంచాల పుస్తకంలోనే, ఆ రోజు చెంచాల పక్కన రాశాను.

రెండు నెలలు నిండాక నెల్లూరు పోయాం. నర్సు ముందు పాపను ఎత్తుకున్న కోడల్ని తూచింది, తర్వాత కోడల్ని ఒక్కదాన్నే తూచింది. ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి, "ఏడు వందల గ్రాములు పెరిగింది" అంది.

"మళ్లీ తూచమ్మా" అన్నాను. మళ్లీ తూచింది. ఏడు వందలే. "బస్సు కుదుపులకు తగ్గుంటాది" అన్నాను. నర్సు ఆ అంకె చీటీ మీద రాసింది. మూడు వందల గ్రాములే తక్కువ. ఎదురింటావిడ తాళాల గుత్తి అంత బరువు కూడా ఉండదు.

డాక్టరు నా పుస్తకం తెరిచి పైకే చదివాడు.

"సోమవారం. ఫ్యాను రెక్క. పదకొండు చెంచాలు. మంగళవారం. కుక్కర్ మూత. తొమ్మిది చెంచాలు. బుధవారం. మోటారు తీగ. పద్నాలుగు." ఆయన కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు. "మీరు పాపకు ఏం పెడుతున్నారమ్మా?"

కోడలు నెమ్మదిగా అంతా చెప్పింది. ఆయన నవ్వాడు గాని, వెంటనే ముఖం మామూలుగా పెట్టుకొని, పాప మింగేటప్పుడు తాను స్వయంగా చూడాలన్నాడు. మింగేది సరిగ్గా లేకపోతే ఎంత బరువు పెరిగినా గొట్టం తప్పదన్నాడు.

టిఫిను డబ్బాలో జావ ఉంది. పాప నోరు మూసుకుంది. నేను గొంతు సవరించుకొని, "పాత ఇనుము కొంటాం" అన్నాను. పాప ముఖం గోడవైపు తిప్పేసుకుంది. రెండోసారి అన్నాను. ఇంకా బిగించింది. డాక్టరు గడియారం చూసుకున్నాడు.

కోడలు లేచి బయటికి పోయింది. ఏడవడానికి పోయిందనుకున్నాను. కొంచెం సేపటికి వరండా ఆ చివరినుంచి వినబడింది.

"పాత ఇనుము కొంటాం..."

మా కోడలు ఇంట్లో ఉప్పు అడగాలన్నా గొంతెత్తకుండా నా దగ్గరికి వచ్చి అడిగే మనిషి. ఆ కోడలే. అదే రాగం, అదే ఎత్తు, చివర్లో అదే వదిలేయడం. అడుగులో అడుగు వేసుకుంటూ దగ్గరికి వస్తోంది. ఎవరో ముసలాయన, "ఆస్పత్రి లోపలికి గూడా వచ్చేసినారే ఈళ్లు" అంటున్నాడు. ఒక ఆయా, "ఆ మూల విరిగిన మంచముండాది, చూడు" అంటోంది. కోడలు ఆగలేదు. ఫ్యాన్లు, మిక్సీలు, మోటార్లు అన్నీ కొనుక్కుంటూ వస్తోంది.

పాప ఒళ్లు ఆగింది. నవ్వింది. నోరు తెరిచి కాచుకుంది. నేను చెంచా పెట్టాను. డాక్టరు పాప గొంతు మీద వేలు ఆనించి, స్టెతస్కోపు పెట్టి విన్నాడు. రెండు, మూడు, నాలుగు. దగ్గు లేదు. అయిదో చెంచాకు కోడలు గుమ్మంలో నిలబడి ఉంది, ముఖమంతా ఎర్రబడి, చూపు నేలమీద పెట్టుకొని.

"మింగడం బాగానే ఉంది" అన్నాడు డాక్టరు. "ఏడు వందలు చాలదు. కానీ పెరుగుతోంది. ఇంకో రెండు నెలలు చూద్దాం. అప్పటికి కూడా రాకపోతే గొట్టం పెట్టాల్సిందే. పెట్టినా నోటికి నాలుగు చెంచాలు రుచికి పెట్టుకోవచ్చు. మిగతాది గొట్టంలో పోస్తారు."

"అది ముందే చెప్పుంటే బాగుండేది గదా అయ్యా" అన్నాను.

"చెప్పానమ్మా. మీరు అప్పుడు ఏడుస్తున్నారు."

బస్సు గూడూరు దాటింది. కోడలు కిటికీ బయటికి చూస్తూ అంది.

"ఈసారి కిలో రాకుంటే గొట్టం పెట్టిద్దాం అత్తా. నువ్వు అడ్డం పడబాకు."

"పడన్లే" అన్నాను. నిజంగానే అన్నాను.

"పొద్దుటిది భాయ్ మైకుతో అయిపోతాది. మధ్యాన్నం దానికీ రాత్రి దానికీ నేను అరస్తా. పెరట్లోనించే, వీధిలో కాదు."

"సాయంత్రం దానికి?"

"సాయంత్రానికి నువ్వు నేర్చుకో. నేను నేర్పిస్తా. నీకు 'కొం' కాడ ఎత్తు చాలడంలా."

పాపను నా ఒళ్లోకి మార్చుకొని, నెమ్మదిగా ఒకసారి అని చూశాను. కోడలు తల అడ్డంగా ఊపింది. మళ్లీ అన్నాను.