గురువుగారికి కంప్యూటర్ పంపిన పిలుపు

2008లో తిరుపతి బస్టాండు వెనక వీధిలో, ఒక మేడ మీద నాకు ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. ప్లైవుడ్ అడ్డం కట్టిన చిన్న చిన్న గదులు, గదికో కంప్యూటర్. పరీక్షా ఫలితాలు, రైలు టికెట్లు, ఉద్యోగ దరఖాస్తులు మా పని. అయినా మా బంధువొకాయన ఒక పెళ్లి పంక్తిలో అందరూ వింటుండగా, "వీడు పిల్లకాయలు ఆటలాడుకునేదానికి అంగడి పెట్టినాడు" అన్నాడు. ఆయన మరిచిపోయి ఉంటాడు. నేను మరవలేదు. ఆ అంగట్లో ఆటలు కాక ఇంకేం జరిగేదో చెప్పడానికి ఈ ఒక్క సంగతి చాలు.

ఒక మధ్యాహ్నం వడమాలపేట నుంచి మునస్వామి వచ్చాడు. యాభై దాటిన నాదస్వర విద్వాంసుడు. కచేరీలు పెట్టేవాళ్లు ఫోటోలు అడుగుతున్నారంటే, అంతకుముందు ఆయనకు ఈమెయిల్ తెరిచి ఇచ్చింది నేనే. పాస్‌వర్డ్ ఏం పెట్టమంటావన్నా అని చెవిలో అడిగితే, సెంటరంతా వినబడేలా "తోడిరాగం" అని చెప్పిన మనిషి.

"అప్పా, నాదొక ఖాతా మూసెయ్యాల. మళ్లా తెరుచుకోకుండా మూసెయ్యాల," అన్నాడు కూర్చోకుండానే.

"ఏం ఖాతాన్నా?"

"ఉద్యోగస్తులు ఒకరినొకరు తెలుసుకునే వెబ్‌సైటంట. మా అల్లుడు బెంగుళూరు నుంచి వచ్చినప్పుడు పెట్టిచ్చినాడు. దీంతో నీ పేరు అందరికీ తెలుస్తాది మామా అన్నాడు. తెలిసింది."

జరిగింది ఇది. ఆ సైట్లో మన పని, అనుభవం, ఫోటో పెట్టుకునే పేజీని ప్రొఫైల్ అంటారు. అది తయారవగానే, "మీ ఈమెయిల్‌లో ఉన్నవాళ్లందరికీ ఆహ్వానం పంపమంటారా?" అని సైటు అడుగుతుంది. అల్లుడు సరేనన్నాడు. "మిమ్మల్ని నా వృత్తి బృందంలో చేర్చుకోవాలనుకుంటున్నాను" అని మునస్వామి పేరుతో అందరికీ ఒకటే మాట వెళ్లింది. ఆ అందరిలో చిత్తూరులో ఉండే ఆయన గురువుగారు కూడా ఉన్నారు. గురువుగారికి కంప్యూటర్ తెలియదు. ఈమెయిల్ ఆయన కొడుకు దామోదరానిది. కానీ మునస్వామి దాన్ని గురువుగారి పేరు మీదే దాచుకున్నాడు. అందుకని ఆ పిలుపు నేరుగా గురువుగారి పేరుతోనే దిగింది. కొడుకు చదివి వినిపించాడు.

మేళం వాళ్లలో ఒక పద్ధతి ఉంది. పెద్దవాళ్లను వాయించమని పిలవాలంటే పళ్లెంలో తాంబూలం పెట్టుకుని ఇంటికి వెళ్లాలి. శిష్యుడు గురువును తన మేళంలో చేరమని పిలవడమన్నది అసలు లేదు. అలాంటిది, పిలవడమే కాదు, జవాబు రాలేదని సైటు తనంతట తానే వారానికోసారి గుర్తు చేస్తోంది. దాన్ని రిమైండర్ అంటారు.

"వచ్చే నెల గురువుగారికి ఎనభై నిండతాయి. శిష్యులందరం ఆయన వాకిట్లో మంగళవాద్యం వాయించాల. దాము ఫోన్ చేసి నువ్వు రావద్దన్నాడు," అన్నాడు మునస్వామి. "ఊపిరి ఎట్ల పట్టాల్నో నేర్పించింది ఆయనబ్బా. ఆ పొద్దు ఆడ ఊదకపోతే, ఇంగ నేను యాడ ఊదినా ఏముండాది?"

"అల్లుణ్ణే మూసెయ్యమని అడక్కపోయినావా అన్నా?"

"మంచికని చేసినాడు. ఇట్లయింది అంటే నొచ్చుకుంటాడు. అల్లుడి పనిలో తప్పు పట్టే మామనని నాకు పేరు రావల్నా?"

నాకది నచ్చింది. ఆ సైటు పాస్‌వర్డ్ అల్లుడికే తెలుసు కాబట్టి, మునస్వామి ఈమెయిల్‌కు కొత్తది తెప్పించుకుని లోపలికి వెళ్లాను. మూసే దారి పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో ఉంది. ఎందుకు వెళ్తున్నారని అడిగింది, మీ మిత్రులు బాధపడతారంది. అన్నీ దాటుకుని నొక్కాను. పేజీ మాయమైంది. మునస్వామి తెరకు దండం పెట్టి వెళ్లిపోయాడు.

తర్వాతి వారమే మళ్లీ వచ్చాడు.

"మూసినానంటివి గదప్పా. నిన్న మళ్లా పిలుపు పోయిందంట. దాము అడగతాడు, మీరు మూసేది కూడా ఇట్లనేనా అని."

ఆ మాట నాకు గుచ్చుకుంది. వెతికితే తెలిసింది. నేను చేసింది డీయాక్టివేట్ మాత్రమే. అంటే పేజీ పైకి కనబడదు, లోపల ప్రాణంతోనే ఉంటుంది, ముందు పంపిన పిలుపులు నడుస్తూనే ఉంటాయి. శాశ్వతంగా మూయాలంటే కంపెనీ సహాయ విభాగానికి రాసి అడగాలి. ఆ సంగతి సైట్లో ఎక్కడా తిన్నగా చెప్పలేదు.

ఫిర్యాదు రాయడం నాకు కొత్త కాదు. గ్యాసు బండ ఆలస్యమైనా, టెలిఫోన్ బిల్లు తప్పినా జవాబు వచ్చేదాకా రాసేవాణ్ణి. కంపెనీకీ రాశాను. "మీ ప్రశ్న మాకు ముఖ్యం" అని యంత్రం పంపే జవాబు వచ్చింది. అది జవాబు కాదని రాశాను. మళ్లీ అదే వచ్చింది. రోజూ అంగడి తెరవగానే, పాత ఉత్తరాలన్నీ కింద అతికించి కొత్తది పంపేవాణ్ణి. మునస్వామి ఫోన్ చేసి, "ఏమన్నాడబ్బా?" అనేవాడు. "ఇంకా మనిషి దొరకలేదన్నా" అనేవాణ్ణి. చివరికి ఒక మనిషి దొరికాడు. ఖాతా శాశ్వతంగా మూసేశామని, పెండింగ్ పిలుపులన్నీ రద్దు చేశామని, క్షమించమని రాశాడు. ఆ క్షమించమన్న మాట చదివి ఆ పూట నేను తృప్తిగా భోంచేశాను.

మునస్వామి దాన్ని ప్రింటు తీయించుకున్నాడు. "నువ్వూ రా అప్పా. ఈ కంప్యూటర్ సంగతి నాకు చెప్పేదానికి రాదు," అన్నాడు. అంగడి మూసి చిత్తూరు బస్సెక్కాను.

వాకిట్లోనే దామోదరం ఎదురయ్యాడు. నన్ను చూసి, "ఈ నెట్ సెంటరోళ్లకు ఏది నొక్కితే ఏమయితాదో తెలీదు," అన్నాడు. పిలుపులు పంపింది నా సెంటర్ కానే కాదు. చెప్పబోతే అప్పటికే లోపలికి తిరిగాడు. అదీ నాకు గుర్తుంది.

గురువుగారు వరండాలో చాప మీద కూర్చుని ఉన్నారు. నేను ఖాతా, పిలుపు, రిమైండరు అన్నీ వివరించి కాగితం ఇవ్వబోయాను. ఆయన చెయ్యి చాపలేదు.

"మూసినావా రా?" అని మునస్వామిని అడిగారు.

"మూసినాను సామీ. ఇంగ రాదు."

"అది వారం తప్పకుండా వచ్చింది. నువ్వు ఒక తూరన్నా రాలేదే."

మునస్వామి తల వంచుకున్నాడు. "అంతా మూసేసి, చూపించేదానికి ఏదన్నా తీసుకోని వద్దామని సామీ."

"నేనేమన్నా కంపెనీనా రా, కాగితం చూసి నమ్మేదానికి? వడమాలపేట నుంచి చిత్తూరుకు బస్సుల్లేవా? మొదటి దినమే వచ్చి, అల్లుడు చేసినాడు సామీ అనుంటే నవ్వుకోనుందుము."

మునస్వామి సంచిలోంచి పళ్లెం తీసి, తమలపాకులు, వక్కలు, పండ్లు, పంచె పెట్టి ఆయన ముందుంచి సాష్టాంగపడ్డాడు. గురువుగారు ఒక ఆకు తీసుకుని ఈనె తుంచారు.

"ఇంతకీ నీ మేళంలో నాకేం పని ఇస్తావు రా? ఈ వయసులో ఊపిరి లేదు. శ్రుతిపెట్టె ఇస్తానంటే వస్తాను."

మునస్వామి చెవులు పట్టుకున్నాడు. దామోదరం కూడా నవ్వాడు.

"ఆ పొద్దు మొదలుపెట్టేది నువ్వే," అన్నారు గురువుగారు. "తెల్లారక ముందే రా. బస్సు దొరకలేదంటే ఒప్పుకోను." తర్వాత నా వైపు తిరిగి, "నువ్వూ రా నాయనా. శానా కష్టపడినావు," అన్నారు.

వెళ్లాను. దామోదరం నన్ను స్తంభం వెనక కూర్చోబెట్టాడు. మునస్వామి కనబడలేదు గానీ బాగా వినబడ్డాడు. పక్కకు వంగితే, గురువుగారు కళ్లు మూసుకుని తొడ మీద తాళం వేస్తూ కనబడ్డారు. అంతకంటే మంచి చోటు నాకు అక్కర్లేకపోయింది.

అప్పటిదాకా ఖాతా మూస్తే పని అయిపోతుందనుకునేవాణ్ణి. ఆ తర్వాత ఎవరు ఏ ఖాతా మూయమని వచ్చినా, కంప్యూటర్ ముట్టుకోకముందే, దీనివల్ల ఎవరన్నా నొచ్చుకున్నారా అని అడిగేవాణ్ణి. ఉన్నారంటే, ముందు వాళ్లింటికి వెళ్లి రమ్మనేవాణ్ణి. ఈలోగా కంపెనీ వాళ్లతో పోట్లాట నేను చూసుకుంటానని చెప్పేవాణ్ణి.