రాసింది చదవలేని టీచరు

ఆ రోజు ఉదయం పేపరు విప్పి మా వారిని కేకేశాను. "ఏంటండీ, ఇవాళ తమిళ పేపరు వేసి పోయాడు?"

ఆయన తొంగి చూసి, "తెలుగే కదే! కళ్లజోడు పెట్టుకున్నావా?" అన్నారు. పెట్టుకునే ఉన్నాను. అక్షరాలు నల్లగా, స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఒక్కటీ పోల్చుకోలేకపోతున్నాను. తల కొంచెం బరువుగా ఉంది, అంతే.

మాది పాలకొల్లు దగ్గర పల్లె. తొంభైల చివర్లో అక్కడి బడిలో రెండో తరగతి టీచర్ని. చూపు మందగించిందనుకుని బజారుకెళ్లి కొత్త అద్దాలు వేయించుకున్నాం. వాటితో, తెలియని అక్షరాలే ఇంకాస్త పెద్దగా కనిపించాయి. తిరిగి వచ్చి ఇంట్లో అడుగుపెడుతూ కుడివైపు గుమ్మం కనబడక భుజం కొట్టుకున్నాను. అప్పుడు ఆయనకు భయమేసి రాజమండ్రి తీసుకెళ్లారు.

సీటీ స్కాన్ చూసి డాక్టరు గారు, "స్ట్రోక్ అమ్మా. మెదడు వెనకవైపు, చూపును నడిపే ఆక్సిపిటల్ లోబ్‌లో" అన్నారు. కాగితం ఇచ్చి పేరు రాయమన్నారు. రాశాను. చదవమన్నారు. నా పేరు నేనే చదవలేకపోయాను!

"దీన్ని అలెక్సియా అంటారమ్మా. రాయడం పోలేదు, చదవడమే పోయింది. కొంత తిరిగి రావచ్చు. ఎంతన్నది చెప్పలేను."

పిల్లల చేత చదివించడమే నా బతుకు. ఇంటికొచ్చే దారంతా షాపుల బోర్డులు చూస్తూ ఏడ్చాను.

స్పీచ్ థెరపిస్టు అక్షరాన్ని వేలితో దిద్దుతూ చదవమంది. కళ్లు చెప్పలేనిది చెయ్యి చెబుతుందట. పళ్లెంలో బియ్యం పోసుకుని దిద్దేదాన్ని. "ఈ వయసులో అక్షరాభ్యాసమా!" అని మా వారు ఆటపట్టించేవారు. కాస్త దారిన పడ్డాననుకునేలోగా ఫిట్స్ వచ్చాయి. మళ్లీ ఓనమాలకు వచ్చాను. విసుగెత్తి పళ్లెం పక్కన పెట్టేశాను.

అలా ఉండగా మా పిన్ని గుర్తొచ్చింది. చిన్నప్పుడు నాకు కథ చదువుతూ, రసపట్టులో ఆపేసి, "అన్నం వార్చాలి, మిగతాది నువ్వే చదువుకో" అని పుస్తకం నా ఒళ్లో పడేసి పోయేది. తర్వాత ఏమైందో తెలియక ఉడికిపోతూ, కూడబలుక్కుని చదివేదాన్ని. నిజానికి నాకు చదువొచ్చింది ఆ ఉక్రోషంతోనే. ఇప్పుడు నాకు కావలసిందీ అదే.

మళ్లీ బడికి వెళ్లడం మొదలయ్యాక పిల్లలకు కథలు రాశాను. రాసింది తిరిగి చూసుకోలేను కనుక చిన్న చిన్న వాక్యాలు. దూడ పడవ ఎక్కింది. పడవ కదిలింది. అమ్మ ఒడ్డునే ఉంది. అక్కడ ఆపేసి, ముగింపు మీరే పలకల మీద రాయండన్నాను. దూడ ఏమైందో తెలియాలంటే నేను చదవక తప్పదు.

సుశీల అనే పాప పలక తెచ్చింది. అలవాటుగా అక్షరాల మీద వేలితో దిద్దాను.

"టీచర్ గారండీ, చెరిపేస్తున్నారండీ!" అంది ఏడుపు గొంతుతో.

చటుక్కున వేలు తీసేశాను. 'అమ్మ' అప్పటికే సగం చెరిగింది. మిగతాది చూస్తూ, ఒళ్లో చీర మీద దిద్దుకుంటూ చదివాను: "ఈదుకుంటూ వచ్చేసింది." ఇంతలో కన్నీళ్లొచ్చాయి. మిగతాదీ తడిసి చెరిగిపోతుందని సుశీల పలక నా చేతిలోంచి లాక్కుంది.

ఇప్పటికీ నెమ్మదిగానే చదువుతాను, చీర మీద వేలు ఆడుతూనే ఉంటుంది. పిల్లలకు కథలు రాస్తూనే ఉన్నాను. పెద్దవాళ్లకు రాయమంటే రాయను, వాళ్లకు ఆత్రం తక్కువ.

ఒక్క మాట. తెలిసిన అక్షరాలు ఉన్నట్టుండి తెలియకుండా పోతే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. కళ్లజోడు ఫ్రేము తర్వాతైనా ఎంచుకోవచ్చు.