యాభై ఐదు నిమిషాలకో బస్టాండు

నలుగురం కలిసి హైదరాబాద్ పోదామని మొదట అన్నది టీచరే. తర్వాత రానన్నదీ ఆమే.

బాన్సువాడలో మేము కలిసేది ఒక కుట్టుమిషను దుకాణంలో. సాయంత్రం నాలుగింటికి అంగన్‌వాడీ మూసి టీచరు వస్తుంది. కోటగిరి దిక్కు నుంచి, చుట్టరికం లేకపోయినా మేమంతా వదిన అని పిలిచే ఆమె వస్తుంది. వాళ్లు కోస్తా నుంచి వచ్చి కాలువ కింద వరి వేసుకుని స్థిరపడినవాళ్లు. జాకెట్ల పని పేరు చెప్పి వారానికి ఒకసారైనా బస్సు దిగుతుంది. దుకాణం నడిపే ఆమె మా అందరికన్నా చిన్నది, నోరు మాత్రం అందరికన్నా పెద్దది. ఇక నేను పెళ్లిళ్లకూ ఫంక్షన్లకూ అందాజ చెబుతాను. నాలుగు వందల మందికి బియ్యం ఎన్ని కిలోలు, మాంసం ఎంత, పెరుగు ఎంత అని అడగడానికి జనం మా ఇంటికి వస్తారు. ఏడో తరగతితో బడి మానేశాను. ఈ లెక్క నాకు ఎవరూ నేర్పలేదు. వంటవాళ్ల పక్కన నిలబడి, చివరికి పెద్ద వంట గంజుల్లో ఏమి మిగిలిందో చూసి చూసి నేర్చుకున్నాను.

మొన్న వానాకాలంలో ఒకరోజు టీచరు పిల్లల చార్టు ఒకటి చుట్టి చంకలో పెట్టుకుని దుకాణానికి వచ్చింది. అందులో రైలు బొమ్మ ఉంది.

"ఇరవై ఏండ్ల సంది పిల్లలకు గీ రైలు చూపెడ్తున్న. నేనైతే ఒక్కసారి గూడ ఎక్కలే. మెట్రో అన్న ఎక్కాలె ఒకపారి" అంది.

"గంతేనా టీచరక్కా? పోదాం పా! నా బిడ్డ ఆడనే ఉంటది" అని దుకాణం ఆమె అప్పటికప్పుడు మిషను ఆపి బిడ్డకు వీడియో కాల్ చేసింది. ఆ పిల్ల హైదరాబాద్‌లో ఆఫీసులో పనిచేస్తుంది, ఇంకో ఇద్దరితో కిరాయి ఇంట్లో ఉంటుంది.

"సూపర్ మమ్మీ! సెకండ్ సాటర్‌డే రండ్రి. మా రూమ్మేట్స్ ఇద్దరు ఊర్లకు పోతున్నరు. ప్లేస్ మస్తుంటది. శనివారం మెట్రో, మాల్, ఈవినింగ్ ట్యాంక్‌బండ్. సండే చార్మినార్. ఓకేనా?"

ఓకే అని నలుగురం ఒకేసారి అరిచాం. పక్క దుకాణం అతను ఏమైందోనని తొంగి చూశాడు. నాట్లు అయిపోయాయి, కలుపుకు ఇంకా ఇరవై రోజులుంది కాబట్టి వదినకు వీలే. శ్రావణం పెళ్లిళ్లు మొదలుకాలేదు కాబట్టి నాకూ వీలే. ఎవరికి ఏమి కావాలో చెప్పుకోవడం మొదలైంది. దుకాణం ఆమెకు పెద్ద షాపుల్లో బొమ్మలకు తొడిగిన జాకెట్ల వీపులు చూడాలట, ముందు వైపు అక్కర్లేదట. "నాకు మాత్రం ఒక పూట కూర్చున్న చోటికి బిర్యానీ రావాలి, తిన్న కంచం నేను కడక్కూడదు, అంతే" అంది వదిన. నాకేమో ఆ బిర్యానీ హోటల్‌లో ఒక్క గంజుకు ఎన్ని కిలోల బియ్యం పోస్తారో లోపలికి వెళ్లి చూడాలని. ఏ బస్సుకు పోవాలి, ఎక్కడ ఎంతసేపు ఉండాలి అన్న ప్లాను నాకు అప్పగించారు. ఆ రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు. నలభై ఎనిమిదేళ్ల వయసులో పెళ్లికో, చావుకో, దవాఖానకో కాకుండా ఊరికే తిరగడానికి పోవడం అదే మొదటిసారి.

మర్నాడు టీచరు రానంది. శనివారం సూపర్‌వైజరు మీటింగు ఉందట.

"రెండో శనివారం మీటింగేంది?" అంది దుకాణం ఆమె.

దాని మర్నాడు, ఆదివారం చర్చికి పోవాలంది.

"హైదరాబాద్‌ల చర్చిలు లెవ్వా టీచరక్కా? చార్మినార్ కాడికి పోయేముందు నిన్ను ఒక చర్చిల దింపి పోతం, తియ్యి."

మూడో రోజు మోకాళ్ల నొప్పి అంది. నాకు అక్కడ అనుమానం వచ్చింది. నిజమైన కారణం ఉన్న మనిషి దాన్నే మూడుసార్లు చెబుతుంది. ఈమె రోజుకొకటి చెబుతోంది. ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. ఏడాదిగా టీచరు మా మధ్య ముప్పావు గంటకు మించి కూర్చోవడం లేదు. మాట సగంలో ఉండగానే లేచి, ఇంట్లో పని ఉందని వెళ్లిపోతోంది.

మర్నాడు మధ్యాహ్నం పిల్లలు అన్నం తిని పడుకున్నాక అంగన్‌వాడీకి వెళ్లాను. ఆయా గిన్నెలు కడుగుతోంది. టీచరు నన్ను చూసి తల దించుకుంది.

"ఏమైందే, నిజం చెప్పు" అన్నాను.

ఆమె పిల్లల వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి చెప్పింది. షుగర్ వచ్చినప్పటి నుంచి ఆపుకోలేకపోతోంది. పోయిన ఏడాది నిజామాబాద్‌లో పెళ్లికి పోతుంటే బస్సులోనే చీర తడిసింది. బస్సు ఆగాక అందరూ దిగేదాకా సీట్లోనే కూర్చుంది. దిగి, పెళ్లికి పోకుండా మళ్లీ ఇంటికే వచ్చింది. అప్పటి నుంచి నడిచి పోగలిగినంత దూరమే ఆమె లోకం. దవాఖానలో మాత్రలిచ్చారు, కొంచెం నయమే, పూర్తిగా కాదు.

"మెట్రో గిట్రో నాకెందుకు? మీరు పోయి రాండ్రి. ఫోటోలు పంపుండ్రి" అంది. "వాళ్లకు మాత్రం చెప్పకు, నీ కాళ్లు మొక్కుత."

ఇప్పుడు ఇది రాయమని చెప్పింది ఆమే కాబట్టి రాస్తున్నాను. ఆ రోజు మాత్రం చెప్పనని మాటిచ్చాను. ఆమె రాకపోతే ఈ ప్రయాణం ఎవరి కోరికతో మొదలైందో ఆ మనిషే ఉండదు. నాకు అది మింగుడు పడలేదు.

"ఎంతసేపు ఆపుకోగలుగుతవు? నిమిషాలల్ల చెప్పు" అన్నాను.

"గిది గూడ లెక్కనేనా?" అని నవ్వింది. ఆ వారంలో నేను చూసిన ఆమె మొదటి నవ్వు అది.

మూడు రోజులు రాసి పెట్టమన్నాను. తలుపు వెనక, పిల్లలకు అందనంత ఎత్తులో, సుద్దముక్కతో టైములు రాసింది. మూడో రోజు వెళ్లి చూస్తే ఇరవై రెండు అంకెలున్నాయి. ఎక్కువలో ఎక్కువ గంటన్నర, తక్కువలో తక్కువ యాభై ఐదు నిమిషాలు. పెళ్లి భోజనాలకు నేను సగటు చూస్తాను. ఒకరు తక్కువ తింటే ఇంకొకరు ఎక్కువ తింటారు, గంజు సరిపోతుంది. ఇక్కడ సగటు పట్టుకుంటే ఆమె మళ్లీ సీట్లోనే కూర్చుండిపోవాలి. అన్నిటికన్నా చిన్న అంకెనే తీసుకున్నాను, యాభై ఐదు.

తర్వాత రెండు పొద్దులు బస్టాండులో గడిపాను. మెదక్ మీదుగా పోయే బస్సుల కండక్టర్లను ఒక్కొక్కరినీ అడిగాను. ఎల్లారెడ్డికి ఎంతసేపు, అక్కడి నుంచి మెదక్‌కు ఎంత, నర్సాపూర్‌కు ఎంత? ముగ్గురిని అడిగితే మూడు జవాబులు వచ్చాయి. అన్నిటికన్నా పెద్దది రాసుకున్నాను. ఎల్లారెడ్డి యాభై, మెదక్ ఇంకో యాభై. ఇంతవరకు బాగానే ఉంది. మెదక్ నుంచి నర్సాపూర్‌కు మాత్రం అరవై ఐదు. అక్కడ పది నిమిషాలు ఎక్కువైంది. పొద్దున చాయ్ తాగని రోజు ఎంతో చూడమని టీచరుకు చెప్పాను. నీళ్లు మాత్రం మానొద్దన్నాను, షుగర్ మనిషి కదా. చాయ్ లేకపోతే అరవై ఎనిమిది వచ్చింది. మూడు నిమిషాలు మిగులు! ఆ మాట చెప్పడానికి ఎండలో సగం దారి ఉరికినట్టే నడిచాను.

హైదరాబాద్ సంగతి దుకాణం ఆమె బిడ్డకు ఫోన్ చేసి అడిగాను.

"ఏ మెట్రో స్టేషన్‌ల బాత్రూం ఉన్నదో చెప్పు బిడ్డా. మాల్‌ల ఎన్నో అంతస్తు, ట్యాంక్‌బండ్ కాడ ఏడున్నది, అన్ని కావాలె."

"పెద్దమ్మా, మీరు చూడనీకి వస్తున్నరా, ఇన్‌స్పెక్షన్‌కు వస్తున్నరా?" అని ఆ పిల్ల పగలబడి నవ్వింది. అయినా ఎందుకని అడగలేదు. ఆఫీసు అయ్యాక తిరిగి, నాలుగు తలుపుల ఫోటోలు పంపింది. ఒక్కోదాని కింద మెట్లెన్నో కూడా రాసింది. ఆ ఫోటోలు చూసి టీచరు, "అయితే వస్త" అంది.

ప్లాను అందరికీ చదివి వినిపించిన రోజు దుకాణంలో పెద్ద గోల అయింది. ఎల్లారెడ్డిలో దిగాలి, ఇంకో బస్సు ఎక్కాలి. మెదక్‌లో దిగాలి, ఇంకో బస్సు. నర్సాపూర్‌లో దిగి, మధ్యలో ఆగుతూ పోయే మరో బస్సు.

"అక్కా, నువ్వు మాకు హైదరాబాద్ చూపెడ్తున్నవా, తొవ్వల ఉన్న బస్టాండ్లన్ని చూపెడ్తున్నవా?" అంది దుకాణం ఆమె.

"తిన్నగా వెళ్లే బస్సు ఉండగా ఈ దిగడాలేంటి వదినా? పొద్దున ఎక్కితే మధ్యాహ్నానికి కూడా చేరం!" అని వదిన నన్ను నిలదీసింది.

టీచరు ముఖం పాలిపోయింది. నేను తడుముకోకుండా, "నాకు గంట దాటితే బస్సుల వాంతులైతయి. దిగి గాలి పీల్చుకోవాలె" అన్నాను.

"ఎప్పటి సంది?"

"ఈ మధ్యనే."

"గంజులకు గంజులు మటన్ వాసన చూసుకుంట నిలబడేదానివి, బస్సుల వాంతులా?" దుకాణం ఆమె కత్తెర కింద పెట్టి నన్ను పైనుంచి కిందికి చూసింది. "సరే తియ్యి. నీ కోసం నిమ్మకాయలు తెస్త."

శనివారం పొద్దున ఆరింటి బస్సు అనుకుంటే నలుగురం ఐదుంబావుకే బస్టాండులో ఉన్నాం. వదిన సకినాలంత గట్టి చేగోడీలు డబ్బా నిండా తెచ్చింది. దుకాణం ఆమె అన్నట్టే ఆరు నిమ్మకాయలు తెచ్చి నా ఒళ్లో పోసింది. టీచరు కొత్త చీర కట్టుకుంది, ముదురు రంగుది. ఎందుకో నాకు తెలుసు. ఎల్లారెడ్డి నలభై ఆరు నిమిషాల్లో వచ్చింది, మెదక్ నలభై తొమ్మిదిలో. దిగిన ప్రతిసారీ నేను మొహానికి కొంగు అడ్డం పెట్టుకుని వాంతి వచ్చేదానిలా నడుస్తుంటే, నన్ను పట్టుకునే వంకతో టీచరు నా వెంట వచ్చేది. మెదక్‌లో అందరూ చాయ్ తాగారు, మేమిద్దరం తప్ప. అక్కడ హైదరాబాద్ పోయే బస్సే దొరికింది. ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్లు నర్సాపూర్ వరకు తీసుకున్నాం.

మెదక్ దాటిన ముప్పై నిమిషాలకు బస్సు ఆగింది. ముందు కల్వర్టు పని నడుస్తోంది. ఒక వైపు బండ్లు పోయాక ఇంకో వైపు వదులుతున్నారు. మా వంతు రావడానికి పదిహేను నిమిషాలు పట్టింది. నా మూడు నిమిషాల మిగులు ఎటు పోయిందో తెలియలేదు. బస్సు కదిలింది గానీ నర్సాపూర్ ఇంకా అరగంటకు పైనే ఉంది. టీచరు ముందు సీటు చువ్వ పట్టుకుని కళ్లు మూసుకుంది. వాంతి అని చెప్పి బస్సు ఆపిద్దామని నేను లేచాను. ఆమె నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. తనే లేచి నిలబడింది.

"డ్రైవరన్నా, బస్సు ఆపు. నేను బాత్రూంకు పోవాలె."

అంగన్‌వాడీలో ముప్పై మంది పిల్లలకు వినిపించే గొంతు అది. బస్సంతా విన్నది.

"ఇంకో అర్ధగంటల నర్సాపూర్ వస్తదమ్మా" అన్నాడు డ్రైవరు.

"అర్ధగంట నాతోని కాదు. ఏదన్న పెట్రోల్ బంక్ కాడ ఆపు."

వెనక సీట్లోంచి ఒక ముసలి అవ్వ, "ఆపు బిడ్డా, ఆపు. నేను గూడ దిగుత" అంది. ఇంకెవరో "నేను కూడా" అన్నారు.

రెండు మలుపుల తర్వాత బంకు కనిపించింది. టీచరు అందరికన్నా ముందు దిగి, కొంగు బిగించుకుని గబగబా నడిచింది, సమయానికి లోపలికి పోయింది. వెనక్కి తిరిగి చూస్తే బస్సులోంచి ఆడవాళ్లు దిగుతూనే ఉన్నారు. వద్దన్నా నా నోరు లెక్కపెట్టింది. పదకొండు మంది. రెండు తలుపులు. మనిషికి మూడు నిమిషాలనుకున్నా పావుగంట దాటుతుంది. ఇరవై రెండు అంకెలు రాసి, ముగ్గురు కండక్టర్లను అడిగి, నేను వేసిన లెక్కలో ఉన్నది ఒక్క మనిషే.

"నువ్వెందుకు దిగినవే?" అని దుకాణం ఆమెను అడిగాను.

"నేను మనిషిని కానా? మెదక్‌ల రెండు చాయ్‌లు తాగిన."

"నేనైతే ఆ కల్వర్టు దగ్గర నుంచి చూస్తున్నా, ఎవరైనా ముందు అడుగుతారేమోనని" అంది వదిన. "నోరు రాలేదు."

టీచరు మొహం కడుక్కుని బయటికి వచ్చింది. ముసలి అవ్వ చేతికర్ర తను పట్టుకుని, అవ్వ లోపలికి పోయేదాకా తలుపు పట్టి నిలబడింది. దుకాణం ఆమె ఒకసారి టీచరు వైపు, ఒకసారి నా వైపు చూసింది. నా చేతిలో నిమ్మకాయ లాక్కుని కొరికి, "నీ వాంతులు తగ్గినట్టున్నయి అక్కా" అని మాత్రం అంది. టీచరుకు నవ్వు ఆగలేదు.

డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు. అందరం ఎక్కేసరికి కండక్టరు తలకాయలు లెక్కపెడుతున్నాడు.

"నర్సాపూర్‌ల దిగేది మీరు నలుగురే కదా? తయారుండుండ్రి" అన్నాడు మమ్మల్ని చూసి.

నేను కాగితం తీశాను. తర్వాతి బస్సు టైము చూసుకోవాలి కదా. టీచరు కాగితం వైపు చూడనే లేదు. కిటికీ పక్క సీటు దుకాణం ఆమె దగ్గర నుంచి గుంజుకుని కూర్చుంది.

"దిగేదేం లేదు కండక్టరన్నా" అంది. "మా నలుగురికి హైదరాబాద్ దాక టికెట్లు కొట్టు. మధ్యల కావల్సొస్తే నేనే చెప్త, ఆపు."