కజ్జికాయ అంచు

కజ్జికాయల కొలతలు ఫోన్లో తర్వాత రాసుకుందువుగానీ కన్నా, ముందు ఇది విను. ఓ రోజు నూజివీడులో చింతలపూడి బస్సెక్కాను. పక్కన ఒకతను, ఒళ్ళో చిన్న కూతురు. పిల్ల ఆకలిగా చూస్తుంటే డబ్బాలోంచి కజ్జికాయ తీసిచ్చాను. అతను దాని అంచునే చూస్తున్నాడు.

"ఈ మడత ఎలా వేస్తారండీ? మా ఆవిడ ఆదివారాలు పాపకి మోమోలు చేసేది. నేను చేస్తే ఆవిరి మీద ఉడికేటప్పుడు విడిపోయి కూరంతా బయటికొచ్చేస్తోంది."

"మోమోలంటే ఏంటి బాబూ?"

"కజ్జికాయల్లాంటివేనండీ. కొబ్బరి బదులు లోపల క్యాబేజీ పెడతారు."

"మరి మీ ఆవిడనే అడక్కపోయావా? అలిగి పుట్టింటికెళ్ళిందా?" అన్నాను నవ్వుతూ.

"పోయిందండీ. ఉన్నప్పుడు ఎలా చేసేదో ఏనాడూ చూడలేదు."

పైటచెంగు ఒళ్ళో పరుచుకుని, బొటనవేలితో నొక్కుతూ కొసంతా మడిచి చూపించాను. "ముందు అంచుకి తడి చెయ్యి రాయాలి" అని మాత్రం చెప్పాను. అతను తన తువ్వాలు మీద మడుస్తూనే ఉన్నాడు, ముసునూరు వచ్చేదాకా.

వాళ్ళు అక్కడ దిగేటప్పుడు చూస్తే పిల్ల చేతిలో కజ్జికాయ అలాగే ఉంది.

"తినలేదేం తల్లీ?"

"నాన్న చూసి చెయ్యాలి కదా" అంది.

అందుకే కన్నా, నేను అంచు మడిచేటప్పుడు ఆ ఫోను పక్కన పెట్టి ఇటు చూడమనేది.