విప్పని పిడికిలి

మా ల్యాబ్‌లో ప్రొటీన్ మీద ఎక్స్‌రేలు వేసి, చెదిరిన కిరణాలను బట్టి దాని ఆకారం చూస్తాం. ముందు ఖాళీగా, తర్వాత మందు కలిపి. మందు అందగానే అది పిడికిలిలా ముడుచుకుంటుంది. ఈ రోజు మందు కలపకముందే ముడుచుకుని ఉంది! కొత్త నమూనా పెట్టి చూసినా అంతే. ఆ ప్రొటీన్‌ని తీసింది బ్లడ్ బ్యాంకులో గడువు తీరిన రక్తం నుంచి. ఇచ్చినవాళ్లు వేసుకున్న మందేదో ఇంకా పట్టుకునే ఉందని మేం దాదా, అంటే అన్న, అని పిలిచే మా బెంగాలీ సీనియర్ గొంతు తగ్గించి చెప్పాడు.

సాయంత్రం లిలువాలో మా ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను.

"ఎవులి రగతమే అది?"

"తెలీదమ్మా."

"మనిషి ఉన్నాడో నేడో గానీ, సేతిలోది ఒగ్గనేదు సూడు."

రేపు మందును పీల్చేసే బొగ్గుపొడి కలిపి దాన్ని విడిపించాలి. సైన్సే లెండి. కానీ ఆ పిడికిలి విప్పడానికి నాకు చేతులు రావడం లేదు. మీకైతే వస్తాయా?