సీమంతం సీను దిండు

తొంభైలలో ఫిల్మ్‌నగర్‌లో ఓ మేడ మీద ఆడవాళ్లకు యోగా నేర్పేదాన్ని. ఓరోజు కొత్తగా వచ్చిన నిండు గర్భిణి, నేను భుజంగాసనం అనగానే దభీమని బోర్లా పడుకుంది.

"అమ్మో, లేవండి!" గావుకేక పెట్టాను.

ఆవిడ తాపీగా లేచి, చీర చాటు నుంచి దిండు లాగి నా చేతిలో పెట్టింది. "పక్క బంగళాలో షూటింగండీ. నాది సీమంతం సీను. షాట్‌కి టైముందని ఇలా వచ్చాను."

క్లాసంతా పడీపడీ నవ్వింది. వెనక బోర్లా పడుకున్న రహమత్‌నగర్ స్వరూప మాత్రం లేచి కూర్చుంది. "మేడమ్, నాకు నాలుగో నెల. గిట్ల పండుకోవద్దా?"

"ముందే చెప్పొద్దా?"

"మీరు అడిగిండ్రా?"

అప్పటి నుంచి కొత్తవాళ్ల పొట్ట చూసి తేల్చుకోవడం మానేసి, నోరు తెరిచి అడుగుతున్నాను. ఆరోజు మాత్రం స్వరూపను పక్కకు తిప్పి, మోకాళ్ల మధ్య ఆ దిండే పెట్టి పడుకోబెట్టాను. కాసేపటికి షాట్ రెడీ అని పిలుపొచ్చింది. నటి తన కడుపు కోసం వెతుక్కుంది. దాన్ని కావలించుకుని స్వరూప గుర్రుపెడుతోంది.