కుర్చీల బాబాయి దాచుకున్న గంట

టెంట్లు, కుర్చీలు అద్దెకిచ్చే కొట్టు ఆయనది. వీధంతా ఆయన్ని కుర్చీల బాబాయి అంటారు. ఊరందరికీ కుర్చీలు వేస్తాడే కానీ, ఆయన ఒక కుర్చీలో కూర్చోగా చూసినవాడు లేడు. పెళ్ళయినా సరే, చావయినా సరే, పిలవకముందే వాలిపోతాడు. చావింట్లో మరీను. అందరూ ఏడుస్తూ కూర్చుంటే పనులెవరు చూస్తారని ఆయన వాదన. అందులో తప్పూ లేదు.

ఈసారి చావు ఆయనింట్లోనే. తెల్లారుతుండగా భార్య పోయింది. మంచం పట్టి చాన్నాళ్ళయింది కనక ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆ సమయానికి ఈయన ఎవరి పెళ్ళికో కుర్చీలు దింపిస్తున్నాడు. కబురందగానే పరుగున గుమ్మందాకా వచ్చాడు. లోపల కూతురి ఏడుపు వినబడగానే "బండి మాట్లాడొస్తా" అంటూ వెనక్కి తిరిగాడు. అప్పట్నించీ కాలు ఒకచోట నిలవలేదు.

ఒక్క ప్రశ్న మాత్రం ఆయన్ని వదల్లేదు. పోయేముందు తన కోసం అడిగిందా? చెప్పాల్సింది కూతురు. కూతురున్నది తల్లి పక్కన, ఆ గదిలో. అందుకని ఆ గది తప్ప అన్నీ తిరిగాడు. శ్మశానం కాపలాదారుని కలిశాడు. పూలు తెచ్చాడు. మంచినీళ్ళ డ్రమ్ము తెప్పించాడు. తన కుర్చీలే తన వాకిట్లో వరసగా వేసి, ఆ వరస నచ్చక మళ్ళీ తీసి వేశాడు.

"బావా, కాస్త కూర్చో," అన్నాడు బావమరిది.

"కూర్చుంటే పనులవుతాయట్రా?"

"అక్కని చూశావా?"

"చూస్తాలే. ముందు ఆ తాడు ఇటివ్వు."

అలాగని చూడకుండా పంపేద్దామని కాదు. ఆయన లెక్క ఆయనకుంది. శవాల బండి డ్రైవరు ఏనాడూ చెప్పిన టైముకి వచ్చిన పాపాన పోలేదు. అందుకని కుర్చీల బాబాయి వాడికెప్పుడూ గంట ముందు టైము చెబుతాడు, వాడు తీరిగ్గా గంట ఆలస్యంగా వస్తాడు, ఎవరికీ ఇబ్బంది ఉండదు. ఇవాళా అలాగే చెప్పాడు. మధ్యలో మిగిలే ఆ గంటసేపూ ఆమె దగ్గర కూర్చోవాలని దాచుకున్నాడు. అప్పటికి పనులన్నీ తెమిలిపోతాయి, అడగడానికి ధైర్యమూ వస్తుందనుకున్నాడు.

పనులు తెమిల్చి చేతులు కడుక్కుంటుంటే బండి వచ్చి వాకిట్లో ఆగింది.

బాబాయికి ఒళ్ళు మండిపోయింది. "ఏరా, అప్పుడే తగలడ్డావేం?"

డ్రైవరు బిక్కమొహం వేశాడు. "నువ్వు చెప్పిన టైమే కదా బాబాయ్? పిన్ని విషయంలో కూడా ఆలస్యం చేస్తే నేను మనిషినేనా? పొద్దున్నే బండి కడుక్కుని కూర్చున్నా."

ఇన్నేళ్ళూ వాణ్ణి తిట్టిందంతా ఆలస్యం చేస్తున్నావనే. దాచుకున్న గంట కాస్తా కళ్ళముందే ఎగిరిపోయింది. అలవాటు కొద్దీ గదిలోకి నడిచి, అలవాటు కొద్దీ "లేమ్మా, టైమైంది" అనేశాడు కూతురితో. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

కూతురు లేవలేదు. ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్ళెత్తి తండ్రి వంక చూసింది.

"అమ్మ నీ కోసం అడిగింది నాన్నా."

పొద్దుట్నించీ తప్పించుకు తిరుగుతున్నది ఈ మాట నుంచే. ఇక తప్పించుకునే దారి లేదు.

"నువ్వేమన్నావు?"

"వీధి మొదట్లో ఉన్నాడు, వచ్చేస్తున్నాడని అబద్ధం చెప్పా."

"నమ్మిందా?"

"నవ్వింది."

ఆ నవ్వు ఆయనకి తెలుసు. "ఈ ఒక్క లోడూ దింపి వచ్చేస్తానే" అన్నప్పుడల్లా నవ్వే నవ్వు. ఒక్కసారైనా కోప్పడి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది. నేల మీద, ఆమె మొహానికి దగ్గరగా చతికిలబడి, చల్లబడిన చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"వచ్చానే," అన్నాడు. అంటూనే భోరుమన్నాడు.

ఎంతసేపటికో గుమ్మంలో బావమరిది గొంతు సవరించుకున్నాడు. "బావా, బండి..."

"ఆగమను," అన్నాడు కుర్చీల బాబాయి.